వేడినీళ్ళ తొట్టిలో అమ్మ చోటు

ఆ నవంబరులో మేం చేయవలసిన పనులు ఇవి. కొండదారి మూసేయక ముందే పక్క ఊరి నుంచి బియ్యం బస్తాలు తెచ్చుకోవాలి. కారుకు మంచు టైర్లు వేయించాలి. అమ్మ మంచాన్ని మేడ మీది నుంచి దింపి వంటింటి పక్క గదిలో వేయాలి. దానితోపాటు మేరీమాత పటాన్నీ కిందికి తేవాలి. అమ్మ ఇక పనిలోకి రాదని చేపల ఫ్యాక్టరీలో చెప్పి, ఆమె రబ్బరు బూట్లు, కత్తి తెచ్చుకోవాలి. బోహోల్‌లో ఉన్న అమ్మమ్మకు ఏం చెప్పాలో, ఎంత వరకు చెప్పాలో నాన్నా నేనూ తేల్చుకోవాలి. అమ్మకు ఈతకొలను కార్డు కొత్తది తీసుకోవాలి.

ఆ ఆఖరి పని ఒక్కటే అమ్మ వద్దంది.

"అది తీసెయ్యి జోవీ. నాకెందుకే ఇంక," అని గోడ వైపు తిరిగి పడుకుంది.

అమ్మ పేరు నెనీటా. మాది ఫిలిప్పీన్స్‌లో బోహోల్ దీవి. ఐస్‌లాండ్ పడమటి కొసన ఉన్న ఈ ఊరికి అమ్మా నాన్నా చేపలు కోసే పనికి వచ్చేనాటికి నాకు ఐదేళ్ళు. అమ్మకు జబ్బు చేసిన ఏడాదే నేను టీచరు డిగ్రీ పూర్తి చేసి, ఊళ్ళోనే పసిపిల్లల బడిలో చేరాను. అటు నాన్న వైపు, ఇటు అమ్మ వైపు, డిగ్రీ చదివిన మొదటి మనిషిని నేనే. అమ్మ నా పట్టా చూసుకున్నది మాత్రం రాజధాని ఆసుపత్రిలో, మంచం మీద. అప్పటికే ఎడమ రొమ్ము తీసేశారు. రోగం దానితో పోలేదు, ఊపిరితిత్తుల్లోకి పాకింది. వేసవి దాకా ఉంటుందని మాట ఇవ్వలేమని డాక్టరు నాకూ నాన్నకూ చెప్పింది. అమ్మకు మేం చెప్పలేదు. ఆమే డాక్టర్ని అడిగి తెలుసుకుంది.

మాలాంటి పరాయి దేశపు వాళ్ళను ఇక్కడి బతుకులో మీకు నచ్చిందేమిటని అడిగితే ఒక్కొక్కరూ ఒక్కోటి చెబుతారు. ఫ్యాక్టరీలోని పోలండ్ వాళ్ళు, ఇంటికి తాళం వేయకుండా బయటికి పోగలగడం అంటారు. బడిలో వంట చేసే థాయ్ ఆవిడ, కుళాయి తిప్పి తిన్నగా తాగే నీళ్ళు అంటుంది. నాన్న, మేనేజర్నైనా పేరు పెట్టి పిలవడం అంటాడు. పిలిచేటప్పుడు మాత్రం ఇప్పటికీ గొంతు తగ్గిస్తాడు. అమ్మ ఎవరు అడిగినా ఒకటే చెప్పేది. తొట్టి.

ఈతకొలను పక్కన ఆరుబయట ఉండే వేడినీళ్ళ తొట్టి అది. పని దిగగానే చేపల వాసనతో అటే వెళ్ళేది. మంచు కురిసినా, గాలికి తల మీది టోపీలు ఎగిరిపోతున్నా మానలేదు. తొట్టిలో ఎవరి చోటు వాళ్ళకు ఉంటుంది. వేడినీళ్ళు వచ్చే గొట్టం పక్కన మూల అమ్మది. ఫ్యాక్టరీ మేనేజరు, పాస్టరు, పోస్టు పంచే ఆవిడ, చేపలు కోసే ఆడవాళ్ళు, అందరూ అందులోనే.

"మెడ దాకా నీళ్ళలో ఉంటే అందరం తలకాయలమే," అనేది అమ్మ. "తలకాయకు హోదా ఏముంటుందే?"

ఆ మూలకు ఇంకో గొప్ప కూడా ఉంది. మా ఊరు సముద్రపు పాయ ఒడ్డున కొండల మధ్య ఇరుక్కుని ఉంటుంది. నవంబరు చివర్లో సూర్యుడు దక్షిణపు కొండ వెనక్కి పోతాడు. మళ్ళీ జనవరి చివర్లో గాని కనబడడు. కనబడిన రోజు ఇంటింటా పలచటి అట్లు పోసుకుని, మీగడా జామూ రాసుకుని, కాఫీలు తాగుతారు. కొండ చీలికలోంచి వచ్చే ఆ మొదటి ఎండ తొట్టిలో ముందుగా పడేది అమ్మ మూల మీదే. ఏటా ఆ రోజుకు అమ్మ అక్కడ ఉండేది. "ముందు నా నెత్తిన పడి, తర్వాత ఊరి మీద పడుతుంది," అని ఇంటికొచ్చి గొప్పలు పోయేది.

ఈసారి కూడా ఆ రోజుకు ఆమె అక్కడ కూర్చోవాలి. నేను కోరుకున్నది ఇంతే. ఊళ్ళో నర్సును అడిగాను. గాయం మానింది, నీళ్ళలో దిగొచ్చు అంది. అడ్డం అమ్మే.

తొట్టిలో దిగాలంటే ముందు స్నానాల గదిలో అందరి మధ్యా ఒంటి మీద నూలుపోగు లేకుండా నిలబడి, సబ్బుతో శుభ్రంగా కడుక్కోవాలి. అది ఇక్కడి కచ్చితమైన నియమం. కడగవలసిన భాగాలకు ఎర్రరంగు పూసిన బొమ్మ గోడ మీద ఉంటుంది. వచ్చిన కొత్తలో అమ్మ లోబట్టలతో స్నానం చేసి వెళ్ళబోతే వెనక్కి పంపించేశారు. ఇంటికొచ్చి ఏడ్చింది. నాన్న సంగతి ఇంకా చిత్రం. మగవాళ్ళ గది గుమ్మం దాకా వెళ్ళాడట. లోపల మేనేజరు పుట్టినప్పటిలా నిలబడి, "ఏం ఇసిద్రో, బయట గాలి తగ్గిందా?" అని తీరిగ్గా అడిగేసరికి, సమాధానం చెప్పకుండా తిరిగి వచ్చేశాడు. ఆ తర్వాత ఎన్నేళ్ళైనా లోపలికి వెళ్ళలేదు. అమ్మను దింపి, కారులో ఫ్లాస్కు పెట్టుకుని కూర్చునేవాడు.

అమ్మ మాత్రం మళ్ళీ వెళ్ళింది. నెమ్మదిగా అలవాటు పడింది. మా వైపు ఒళ్ళు రుద్దుకునే నల్లటి ఏటిరాయి ఒకటి మా సామానుతో వచ్చింది. దాన్ని తీసుకెళ్ళి ఒకరోజు పక్కావిడ వీపు రుద్దింది. అప్పటి నుంచి ఆ గదిలో ఆమెకు గిరాకీ.

ఇప్పుడు ఆ గదే ఆమెకు భయం.

"సగం మనిషిని వెళ్ళి నిలబడమంటావా?" అంది నేను మళ్ళీ ఎత్తినప్పుడు.

"అక్కడ ఎవరూ ఎవరినీ చూడరని నువ్వేగా అమ్మా నాకు చెప్పావు."

"చూడదగ్గట్టు ఉన్నప్పుడు చూడకపోవడం వేరు." మళ్ళీ గోడ వైపు తిరిగింది. "అయినా నేనెవరే వాళ్ళకి? ఆసుపత్రి నుంచి వచ్చి ఇన్ని వారాలైంది. ఒక్కరైనా మన గుమ్మం తొక్కారా? మా ఊళ్ళో పిల్లికి జబ్బు చేసినా ఇల్లు పట్టనంత మంది వస్తారు. తొట్టిలో రోజూ పక్కన కూర్చునే స్వావా రాలేదు. పెత్రీనా రాలేదు. తొట్టిలో తలకాయలు, బయటికొస్తే ఎవరో."

ఎవరైనా వస్తారేమోనని ప్రతి ఆదివారం నాన్నతో నూడుల్స్ పెద్ద గిన్నెడు చేయించేది. సాయంత్రానికి మేం ముగ్గురమే తినేవాళ్ళం. సోమవారం కూడా అదే తినేవాళ్ళం.

*

డిసెంబరులో ఒక శనివారం నాన్న నా తువ్వాలు తెచ్చి చేతిలో పెట్టాడు.

"నువ్వైనా పోయిరా తల్లీ. ఇంట్లో కూర్చుని కూర్చుని నీ మొహం కూడా మబ్బు పట్టింది."

వెళ్ళాను. మధ్యాహ్నమే అయినా వెలుతురు నీలంగా, తెల్లవారబోతున్నట్టుగా ఉంది. తొట్టిలో స్వావా, పెత్రీనా ఉన్నారు. స్వావా పోస్టు పంచి రిటైరైన మనిషి, పొడుగ్గా ఎముకలగూడులా ఉంటుంది. పెత్రీనా ఫ్యాక్టరీలో అమ్మ పక్కనే నిలబడి చేపలు కోసింది. మోకాలు మార్పించుకున్నాక మానేసింది. గొంతు పెద్దది. గట్టున మంచు అంచు కట్టి ఉంది. నేను చలికి వణుకుతూ దిగి, గొట్టం పక్కన ఖాళీగా కనిపించిన మూలకు వెళ్ళబోయాను.

"అక్కడ కాదు జోవీ," అంది పెత్రీనా. "అది నెనీటా చోటు."

ఆగిపోయాను.

"నిన్నగాక మొన్న కరెంటు పని మీద వచ్చిన ఇంజనీరు కూర్చోబోయాడు," అంది స్వావా. "పెత్రీనా లేపేసింది పాపం."

"పాపమేంటి? తొట్టి అంతా ఉందిగా వాడికి. ఇటు రా పిల్లా, నా పక్కన."

వెళ్ళి కూర్చున్నాను. వాళ్ళు గాలి గురించి మాట్లాడుకున్నారు. కొండ మీద ఇరుక్కుపోయిన పాల లారీ గురించి మాట్లాడుకున్నారు. స్వావా అల్లుడు బంగాళాదుంపలు ఎలా కుళ్ళబెట్టుకున్నాడో మాట్లాడుకున్నారు. అమ్మ ఎలా ఉందని ఒక్క మాట అడగలేదు. ఖాళీ మూల నుంచి వేడినీళ్ళు బుడగలు కక్కుతూ వస్తున్నాయి. 

"మీరు మా ఇంటికి ఎందుకు రాలేదు?" అన్నాను.

ఇద్దరూ నావైపు చూశారు. ఈ ఊళ్ళో అలా అడగరు. నేను ఇక్కడ పెరిగినదాన్నే, నాకు తెలుసు.

"పిలవలేదుగా," అంది స్వావా మెల్లిగా.

"జబ్బు మనిషి ఇంటికి పిలుపెందుకు?"

"జబ్బు మనిషి ఇంటికే కదమ్మా పిలవకుండా వెళ్ళకూడనిది. మా అమ్మ మంచాన పడ్డప్పుడు ఊరు ఊరంతా మా ఇంటి ముందు అడుగుల చప్పుడు కాకుండా నడిచింది. ఎవరూ తలుపు తట్టలేదు. నేను ఎవరి కంటా పడకుండా కరువుతీరా ఏడ్చుకున్నాను. అంతకంటే మర్యాద ఏముంటుంది అనుకున్నాను."

"మా అమ్మ ప్రతి ఆదివారం మీకోసం వండించి కూర్చుంటోంది."

పెత్రీనా నీళ్ళలోంచి సగం లేచి మళ్ళీ కూర్చుంది. 

"ఇన్నాళ్ళూనా?" అంది స్వావా.

"వచ్చిన దగ్గర్నుంచీ."

స్వావా తల తిప్పుకుని కొండ వైపు చూసింది. కనురెప్పల మీద మంచు పొడి పడి కరుగుతోంది.   కాసేపటికి పెత్రీనా, "రేపు ఆదివారమేగా," అంది.

*

మర్నాడు వాళ్ళిద్దరూ మా గుమ్మంలో నిలబడి మంచు దులుపుకుంటుంటే నాన్న కంగారుపడి ఏప్రన్‌తోనే ఎదురెళ్ళాడు. పెత్రీనా చేతిలో ఎండుచేపల పొట్లం ఉంది. స్వావా చేతిలో ఏమీ లేదు. ఆ చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియక కోటు జేబుల్లో దోపింది.

అమ్మ తలకు రుమాలు బిగించుకుని, దిండ్లకు ఆనుకుని కూర్చుంది. వాళ్ళను చూసింది. ఆమె కళ్ళు ఎంత వెలిగాయో నాకు తెలుసు. గొంతు మాత్రం కటువుగా పలికింది.

"ఏం స్వావా అక్కా, దారి తెలిసిందా? పాతికేళ్ళు పోస్టు పంచావు, మా ఇల్లు దొరకలేదా?"

ఇక్కడ పెద్దాచిన్నా అందరినీ పేరు పెట్టే పిలుస్తారు. అమ్మ ఒక్కతే తనకంటే పెద్దవాళ్ళను అక్కా అనేది. మొదట్లో వాళ్ళు నవ్వేవాళ్ళు. తర్వాత తర్వాత, అనకపోతే కోపమా అని అడిగేవాళ్ళు.

"నిన్ను ఇబ్బంది పెట్టకూడదనుకున్నాం," అంది స్వావా.

"ఇబ్బందా? మీ మనవడిని నేను మంచులో చూసినప్పుడు పిలుపు కోసం కూర్చున్నానా?"

పెత్రీనా పకపకా నవ్వేసింది. ఆ కథ ఊరందరికీ తెలుసు. ఇక్కడ పసిబిడ్డలను బండిలో పడుకోబెట్టి, కప్పి, ఆరుబయట చలిగాలిలోనే నిద్రపుచ్చుతారు. ఆరోగ్యమని. వచ్చిన నెలలోనే అమ్మ కొట్టు బయట మంచులో ఒక బండి, అందులో బిడ్డను చూసింది. ఎవరో కసాయి తల్లి వదిలేసి పోయిందనుకుంది. బిడ్డను గుండెకు హత్తుకుని ఇంటికి ఎత్తుకొచ్చేసింది.

"ఊరంతా వెతికాం," అంది స్వావా. "నేను వచ్చి చూస్తే, వాణ్ణి ఒళ్ళో పెట్టుకుని అన్నం గంజి పడుతోంది. పైగా నన్నే తిడుతోంది, వాళ్ళ భాషలో. ఒక్క ముక్క అర్థం కాలేదు. కాఫీ ఇచ్చింది, తాగాను."

"వెళ్ళేటప్పుడు వాణ్ణి మళ్ళీ బండిలోనే పడుకోబెట్టావు," అంది అమ్మ. "ఆ రాత్రంతా నాకు నిద్ర లేదు."

"వాడిప్పుడు ఆరడుగులున్నాడే. ఏ జలుబూ రాదు."

అందరం నవ్వాం. అమ్మకు నవ్వుతో పాటు దగ్గు వచ్చింది. చాలాసేపు ఆగలేదు. నాన్న నీళ్ళు పట్టాడు. వాళ్ళిద్దరూ చూపులు తిప్పుకోలేదు, లేచి వెళ్ళలేదు. దగ్గు తగ్గేదాకా కూర్చున్నారు. తర్వాత నూడుల్స్ రెండేసి సార్లు వడ్డించుకుని తిన్నారు. ఆ సోమవారం మాకు నిన్నటి తిండి మిగల్లేదు.

లేవబోతూ పెత్రీనా అంది. "తొట్టికి ఎప్పుడొస్తావ్?"

అమ్మ దుప్పటి పైకి లాక్కుంది. "నన్నేం చూస్తారులే."

"నిన్నెవరు చూస్తారే? నా మోకాలు చూశావా, తోలు బూటు కుట్టినట్టు కుట్టాడు. స్వావా పొట్ట మీద మూడు కోతలు. వంకర లేని ఒళ్ళు ఆ గదిలో ఎవరిదో చెప్పు, నేను నోరు మూసుకుంటాను."

"సూర్యుడు వచ్చాక చూద్దాంలే," అంది అమ్మ.

స్వావా అప్పటికే కోటు వేసుకుంది. గుమ్మం దగ్గర నాతో మెల్లిగా అంది. "అందాకా ఎందుకు ఆగడం?" అమ్మకు ఇంక ఎక్కువ రోజులు లేవని ఆవిడకు తెలుసని అప్పుడు అర్థమైంది. 

*

కొత్త సంవత్సరం వచ్చింది. ఊరంతా బాణసంచా కాల్చింది. అమ్మ కిటికీలోంచి చూసింది. ఆదివారాలు స్వావా, పెత్రీనా వస్తూనే ఉన్నారు. అమ్మ బాగా తగ్గిపోయింది. మెట్లెక్కడం పోయింది, తర్వాత వంటింట్లోకి నడవడం కూడా కష్టమైంది.

నేను ఈతకొలనుకు వెళ్ళి, అక్కడ పనిచేసే ఒడ్డుర్‌తో మాట్లాడాను. నడవలేనివాళ్ళ కోసం విడిగా స్నానాల గది ఉందని, ఎప్పుడు కావాలన్నా తాళం తీసి ఇస్తానని అన్నాడు. సంతోషంగా ఇంటికొచ్చి చెప్పాను.

అమ్మ విని దిండు మీదికి తల వాల్చింది.

"ఒక్కదాన్నే గదిలో కడుక్కోవడానికైతే మన ఇంట్లో లేదా ఏంటే స్నానాల గది?" అంది. తర్వాత పైకప్పు వైపు చూస్తూ, "రేపు ఆ నల్లరాయి ఎక్కడుందో వెతుకు," అంది.

మర్నాడు పగటిపూట వెళ్ళాం. నాన్న కారు గుమ్మం దాకా తెచ్చి, అమ్మను ఎత్తి దింపాడు. తలుపు దగ్గర ఆగిపోయాడు, ఎప్పటిలాగే. నేను అమ్మ నడుము చుట్టూ చేయి వేసి లోపలికి నడిపించాను. స్నానాల గదిలో నలుగురైదుగురు ఉన్నారు. స్వావా, పెత్రీనా అప్పటికే నీళ్ళ కింద ఉన్నారు. నేను వాళ్ళకు చెప్పలేదు, పొద్దున ఈతకొలనుకు ఫోన్ చేశానంతే. ఒడ్డుర్ చెప్పి ఉంటాడు.

అమ్మ బెంచీ మీద కూర్చుని చొక్కా గుండీలు తానే తీసుకుంది. నేను చేయి వేయబోతే తోసేసింది. చివరి గుండీ దగ్గర ఆగింది. ఆవిరి, నీళ్ళ చప్పుడు.  అమ్మ చొక్కా తీసి కొక్కానికి తగిలించింది. నిలబడింది. ఎడమ వైపు, పక్కటెముకల మీద బిగిసిన చర్మం, ఊదారంగు గీత. ఆమె ఎంత చిక్కిపోయిందో అప్పుడు తెలిసింది, వీపు చూస్తే పిల్ల వీపులా ఉంది.

ఎవరూ తల తిప్పుకోలేదు. ఎవరూ కళ్ళప్పగించి చూడనూ లేదు. స్వావా అల్లుడి బంగాళాదుంపల కథ ఇంకా సాగుతోంది. ఈసారి ఉల్లిపాయలు కూడా కుళ్ళాయట.

పెత్రీనా గోడకు చేతులానించి వీపు తిప్పి నిలబడింది.

"రాయి తెచ్చావా నెనీటా? అక్టోబరు నుంచి నా వీపు ఎవరూ సరిగ్గా రుద్దలేదు. స్వావాది రుద్దడం కాదు, దుమ్ము దులపడం."

అమ్మ నా వైపు చూసింది. నేను సంచీలోంచి రాయి తీసి ఇచ్చాను. ఎడమ చేయి పైకి లేవదు. కుడిచేత్తో పట్టుకుని, ఎడమచేయి పెత్రీనా నడుము మీద ఆనించి, రుద్దడం మొదలుపెట్టింది. మెడ నుంచి కిందికి, నెమ్మదిగా.

"గట్టిగా," అంది పెత్రీనా.

"గట్టిగానే రుద్దుతున్నా. నీదే తోలు మందం."

పెత్రీనా నవ్వింది. భుజాలు కదిలాయి. నేను గోడ పక్కనే నిలబడ్డాను కాబట్టి ఆవిడ ముఖం చూశాను. నవ్వుతూనే ఉంది, ముఖం మీద పడుతున్న నీళ్ళను మాత్రం మాటిమాటికీ తుడుచుకుంటోంది.

తొట్టి దగ్గర ఒక చేయి స్వావా, ఒక చేయి నేను పట్టుకుని దింపాం. అమ్మ తన మూలలో కూర్చుని, మెడ దాకా మునిగి, కళ్ళు మూసుకుంది. పాస్టరు, "గాలి దక్షిణానికి తిరిగింది నెనీటా," అన్నాడు. "అయితే రేపు వాన," అంది అమ్మ కళ్ళు తెరవకుండానే. ఆమె నెత్తి మీది రుమాలు మీద మంచు పడుతోంది.

ఆ తర్వాత ఇంకా కొన్నిసార్లు వెళ్ళింది. ఎక్కువ సార్లు కాదు.

*

క్యాలెండరు ప్రకారం సూర్యుడు కనబడవలసిన రోజు వచ్చింది. ఆకాశం నిండా మబ్బు, ఎడతెగని మంచువాన. అమ్మ మంచం దిగలేకపోయింది. మధ్యాహ్నం తలుపు చప్పుడైంది. స్వావా అట్ల గిన్నెతో, పెత్రీనా మీగడతో నిలబడ్డారు. ఆ రోజు ఆదివారం కాదు. వాళ్ళను ఎవరూ పిలవలేదు.

అమ్మ అట్టు ముక్క ఒకటి నోట్లో పెట్టుకుంది. చాలాసేపు నమిలింది.

"ఈసారి నీకు కనబడలేదు," అన్నాను. 

"ఉన్నాడుగా, కొండ వెనకే," అంది. "ఎక్కడికి పోతాడు?" తర్వాత పెత్రీనా వైపు చూసింది. "నా చోట ఎవరినైనా కూర్చోనివ్వు. వేడినీళ్ళు ఊరికే పోతాయి."

"సరే," అంది పెత్రీనా.

నాన్న మంచం చివర కూర్చుని ఆమె పాదాలు రుద్దుతున్నాడు. "ఏమయ్యా," అంది అమ్మ. "ఇన్నేళ్ళు కారులో కూర్చుని ఏం చేశావు?"

"కాఫీ తాగాను," అన్నాడు నాన్న.

అమ్మ నవ్వింది. ఆ వారం దాటలేదు.

మా ఆచారం ప్రకారం తొమ్మిది సాయంత్రాలు ఇంట్లో ప్రార్థనలు చేశాం. తలుపు తెరిచే ఉంచాం. ఊరు వచ్చింది. గుమ్మంలో బూట్లు కుప్ప పడ్డాయి, వాటి మీది మంచు కరిగి వసారా అంతా మడుగైంది. జపమాల తిప్పడం రాని వాళ్ళు చేతులు కట్టుకుని వెనక నిలబడ్డారు. మబ్బు అన్నాళ్ళూ విడలేదు.

ప్రార్థనలు ముగిశాక ఒక ఉదయం వంటింట్లోకి వచ్చేసరికి ఆకాశం కడిగినట్టు ఉంది. నాన్న తువ్వాలు మడిచి చంకలో పెట్టుకుని నిలబడి ఉన్నాడు.

"నడు," అన్నాడు. "నువ్వు నీ వైపు గదికి పో. నేను నా వైపు పోతాను."

నేను తొట్టిలో స్వావా పక్కన కూర్చుని మగవాళ్ళ తలుపు వైపు చూస్తున్నాను. చాలా ఆలస్యమైంది. రాడేమో అనుకున్నాను. అప్పుడు తలుపు తెరుచుకుంది. నాన్న ఎవరిదో వదులు నిక్కరు వేసుకుని, తడి జుట్టుతో, రెండు చేతులూ గుండెలకు కట్టుకుని మంచులో వట్టికాళ్ళతో వస్తున్నాడు.  ఆయన ఎవరినీ చూడలేదు. మెట్లు దిగి, తానెప్పుడూ అడుగు పెట్టని ఆ నీళ్ళలో తిన్నగా గొట్టం పక్క మూలకు నడిచి కూర్చున్నాడు.

ఆ మూలలో అప్పటికీ ఎవరూ కూర్చోవడం లేదు. అమ్మకు సరే అన్న పెత్రీనా ఎవరినీ కూర్చోనివ్వలేదు. నాన్నను చూసి నోరు తెరవబోయింది. ఏమీ అనకుండా కాళ్ళు ముడుచుకుని దారి ఇచ్చింది.

కాసేపటికి కొండ చీలికలో వెలుగు పసుపుపచ్చగా చిక్కబడింది. నాన్న నెత్తి మీద ఎండ పడింది. ఆయన కళ్ళు మూసుకోలేదు. "ఏం ఇసిద్రో," అన్నాడు మేనేజరు మెల్లిగా, "బయట గాలి తగ్గిందా?"

"తగ్గింది," అన్నాడు నాన్న.

మీరెప్పుడైనా ఇటు వస్తే, మా ఊరి ఆడవాళ్ళ స్నానాల గదిలో సబ్బులు పెట్టే అలమరలో ఒక నల్లటి, నున్నటి రాయి కనబడుతుంది. కొత్తగా వచ్చారని సిగ్గుపడకండి, అక్కడ ఎవరూ చూడరు. ఆ రాయి తీసుకుని పక్కన ఎవరుంటే వాళ్ళ వీపు రుద్దండి, గట్టిగా. మళ్ళీ అక్కడే పెట్టేయండి. రుద్దుతున్నంతసేపు మా అమ్మను తలుచుకోండి. ఆమె పేరు నెనీటా.